నాడె ఒక్కటి పెట్టి పంపు

ఆదోని
జ్యేష్ఠం, ఆదివారం

బావమరిది ఆదెప్పకు ధనుంజయ రాయడమేమంటే,

ఈడ మేమిద్దరం ఉన్నాము, ఆడ నువ్వూ మహాదేవీ బాగుండారని అనుకుంటాము. ఫోనులో చెప్పవచ్చు గానీ, నీ చెవికి వినపడేటట్టు చెప్పడమూ మా వీధంతటికీ చెప్పడమూ ఒకటే. మొన్న నేను "ఎట్లుండావప్పా" అంటే నువ్వు "తిన్నాం బావా" అంటివి. అందుకని కాగితం పట్టుకున్నాను.

మీ అక్క కుట్టుమిషను ఆగిపోయింది. కింద దారం కండె పెట్టుకుని అటూ ఇటూ ఆడే నాడె ఉంటుంది చూడు, వేలెడు పొడవు, పడవ మాదిరి. దాని ముక్కు విరిగింది. గుడ్డలో చుట్టి ఈ జాబుతో పంపుతున్నాను.

దీన్ని జేబులో వేసుకుని ఆదోనిలో నేను తిరగని పాత ఇనుము అంగడి లేదు. ఒకాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఏం పెద్దాయనా, సెవిలో గులిమి తీసేదా ఇది?" అన్నాడు. "కాదు నాయనా, నీ నోరు కుట్టేది" అని చెప్పి వచ్చేసినాను. మిషన్ల అంగడిలో కొత్తది ఒకటి ఇచ్చినారు. ఇంటికి తెచ్చి పెడితే నాలుగు కుట్లు వేసి అయిదోది వదిలేస్తోంది.

బజారు నుంచి కరెంటు మిషను కూడా తెచ్చి చూసినాను. మీ అక్క కాలు ఆనించిందో లేదో బర్రుమని ఉరికింది. "ఇది నా మాట ఇనేది కాదు, తీసకపో" అనింది. కృష్ణగిరి నుంచి మా మల్లేశ్వరి వచ్చి, "ఇంగ సాలమ్మా, ఎంత కాలం కుడతావు, కూసో" అనింది. కూతురు ప్రేమగానే అనింది. కానీ ఆ మాట తర్వాత మీ అక్క నిజంగానే కూర్చునిపోయింది, ఆదెప్పా. పొద్దున లేస్తూనే మిషను ముందర ఉండే మనిషి, ఇప్పుడు గోడకు ఆనుకుని ఉంటుంది. పిలిస్తే పలుకుతుంది. తనంతట తాను పలకదు. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటుంది. ఈ మిషను మళ్ళీ ఆడకపోతే ఆమె ఆ గోడ దగ్గర నుంచి లేవదేమో అని నాకు లోపల భయంగా ఉంది.

మిషన్లు బాగుచేసేవాడివి, నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి.

ధనుంజయ


ఎమ్మిగనూరు
గురువారం

బావకు,

జాబూ నాడే చేరినవి. ఈడ బాగున్నాము.

విరిగిన ముక్కుకు అతుకు పెడితే నిలవదు. కొత్త నాడెలు పొడవు సరిపోతాయి, మందం సరిపోవు. లోపల కొట్టుకుంటాయి. దీనికి దీని ఈడు మిషనులోది కావాలి. వెతుకుతాను.

ఒకటి అడుగుతాను. నాడె ఉక్కుది. ఊరకే విరగదు. బండ మీద పడి, దాని మీద కాలు పడాల. అక్క చేతిలో నుంచి అది జారగా నేను ఎప్పుడూ చూడలేదు. ఎట్ల పడింది?

నీ జాబు వచ్చి ఏడాది దాటింది. అప్పట్లో నీ జాబు కింద అక్క ఎప్పుడూ రెండు వరసలు రాసేది. ఈసారి లేదు.

నిరుటి నుంచి నన్ను బస్సు ఎక్కనియ్యని మోకాలు ఇప్పుడు పర్వాలేదు. నేనే వచ్చి మిషను చూస్తాను.

ఆదెప్ప


ఆదోని
ఆషాఢం వచ్చిన మర్నాడు

ఆదెప్పకు,

నువ్వు రావద్దు. రావద్దంటే రావద్దని కాదు. ఇంటికి సున్నం కొడుతున్నారు, సామాన్లన్నీ వాకిట్లో ఉన్నాయి, నువ్వు వస్తే నిన్నూ వాకిట్లోనే కూర్చోబెట్టాల. తర్వాత మేము మంత్రాలయం పోవాలని కూడా అనుకుంటున్నాము. కుదిరినప్పుడు నేనే పిలుస్తాను.

అక్క రాయలేదంటివి. చేతులకు పిండి ఉండింది. నాడె ఎట్ల పడిందంటే ఎట్లనో పడింది. ముసలితనంలో చేతులు జారవా? నీ చేతిలో నుంచి ఏదీ జారలేదా?

మిషను పైభాగం విప్పి వీరేశ్ ఆటోలో పంపుతున్నాను. రైతుల సరుకు వేసుకుని వారానికి రెండుసార్లు ఎమ్మిగనూరు వస్తుంటాడు, నమ్మకమైన మనిషి. గోనెసంచులు చుట్టి, తాడు ముళ్ళు మీ అక్కే వేసింది. నన్ను వేయనియ్యలేదు. ఆటో పోయేటప్పుడు గడపలో నిలబడింది. అది మలుపు తిరిగి చప్పుడు ఆగిపోయినా లోపలికి రాలేదు. "రా, ఎండ" అంటే, "నీకేం ఎండ, నువ్వు నీడన ఉండావు గదా" అనింది. చాలా రోజులకు నన్ను ఒక మాట అనింది. సంతోషమైంది.

ఆమె చెప్పమన్నది చెప్పినట్టే రాస్తున్నాను. "నాడె ఒక్కటి పెట్టి పంపమను. తతిమ్మా దేన్నీ ముట్టొద్దను." ఎందుకని అడిగినాను. "సెప్పింది రాయి" అనింది. రాసినాను.

ధనుంజయ


ఎమ్మిగనూరు
ఆషాఢం, మంగళవారం

బావకు,

మిషను దెబ్బ తగలకుండా చేరింది.

విప్పి చూసి నాకు మనసు బాగలేదు. అక్క తన మిషనును ఇట్ల పెట్టుకునే మనిషి కాదు. నన్ను ఈ పనిలోకి దింపిందే ఆమె. చిన్నప్పుడు ఆమె మిషనుకు నూనె పోసేది నేను. ఒక చుక్క ఎక్కువైతే నెత్తిన మొట్టేది. అట్లాంటిది ఇప్పుడు దాని నిండా మరకలు, గీతలు.

నాడె సంగతి. నందవరంలో జయరాజు అని పాత టైలరు ఉన్నాడు. ఆయన ఇంట్లో ఇదే జాతి మిషను ఉందని ఎవరో చెప్పినారు. పోయినాను. ఉంది. దాని మీద టీవీ పెట్టుకున్నారు. ఎట్ల అడగాలో తెలియక అరుగు మీద కూర్చున్నాను. ఆయన పంట సంగతి, వాన సంగతి మాట్లాడినాడు. నేను ఊ కొట్టి వచ్చేసినాను. రెండోసారి పోయినప్పుడు కూడా అట్లనే అయింది. మూడోసారి ఆయనే అడిగినాడు.

"ఏందప్పా, మా టీవీ సూడ్డానికి వస్తాండావా? దాన్ని వేసిందే లేదే."

"టీవీ కాదన్నా. దాని కింద మిషను" అన్నాను.

"మిషను ఇయ్యను. అది నా అన్నం."

"మిషను వద్దు. నాడె సాలు."

"నాడె ఇచ్చినంక అది మిషను ఎట్లయితాది?"

 మళ్ళీ కూర్చున్నాను. నేను లేవనని తెలిసి ఆయన, "ఎవరికి?" అన్నాడు. "మా అక్కకు. అది లేక ఆమె కుట్టడం ఆపేసింది" అన్నాను. ఆయన లేచి టీవీ పక్కకు జరిపి, తనే పలక తెరిచి నాడె తీసి, పంచెకు తుడిచి ఇచ్చినాడు. "కుట్టేటోళ్ళు కుట్టకుండా కూసుంటే ఎట్లుంటాదో నాకు తెలుసు. తీసకపో" అన్నాడు. ఏమిమ్మంటావన్నా అంటే ఏమీ వద్దన్నాడు.

తెచ్చి వేసి చూసినాను. లోపల నీళ్ళలో చేప మాదిరి తిరుగుతోంది.

ఆదెప్ప


ఆదోని
శ్రావణం, రెండో శనివారం

ఆదెప్పా,

నీ జాబు మీ అక్కకు చదివి వినిపించినాను. జయరాజు దగ్గర నువ్వు మూడుసార్లు కూర్చునొచ్చిన ముక్కకు నవ్వింది. "వాడంతే. ఆకలైనా అడగడు, తట్ట ముందర వచ్చి నిలబడతాడు" అనింది.

నాడె సరిపోయిందంటివి గదా, మరి ఇంకా పంపలేదేం? ఆటో చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడుతోంది. మొన్న ఎవరికో గ్యాసు బండ వస్తే దానికీ లేచింది. "నాడె ఒక్కటే అని మళ్ళీ రాయి" అని నా పక్కన కూర్చుని చెప్తోంది. రాస్తున్నాను. నీకు పని తగ్గించాలని చూస్తోందేమో, అక్క ప్రేమ.

తొందరగా పంపు.

ధనుంజయ


ఎమ్మిగనూరు
భాద్రపదం, వినాయకుని పండగ అయినాక

బావకూ అక్కకూ,

మిషను వీరేశ్ ఆటోలో వస్తోంది. దించేటప్పుడు చక్రం పట్టుకుని ఎత్తవద్దు. అడుగున చేతులు పెట్టాల.

ఆలస్యం నాదే. అక్క నాడె ఒక్కటే అనింది. నాకు మనసొప్పలేదు. ఊళ్ళో అందరి మిషన్లూ బాగుచేసి, అక్క మిషను మురికితో తిరిగి పంపితే నేను ఈ పని నేర్చుకుని ఏం లాభం? మర మర విప్పి కిరోసిన్‌లో వేసినాను.

చక్రం మీద ఎవరో లక్క కార్చినారు. ఎండి రాయి మాదిరి అయింది. చాకుతో గీకి తీసినాను. దారం బిగువు తిప్పే మరకు నూలు చుట్టి, ముళ్ళు వేసి, జిగురు పూసి ఉండింది. కోసేసినాను. సూది పక్కన ఉక్కు పలక మీద గాట్లు ఉండినాయి, చాలా లోతు. వాటితోనే కష్టమైంది. ఆకురాయి పెట్టి, తర్వాత గరుకు కాగితం పెట్టి రోజూ కొంచెం కొంచెం రుద్దినాను. ఇప్పుడు చెయ్యి పెడితే జారిపోతుంది. మొహం చూసుకోవచ్చు. మహాదేవి వచ్చి చూసి, "పెండ్లయినకాడ నుంచి నా మొహం ఇంత సేపు ఎప్పుడన్నా సూసినావా?" అని దెప్పింది.

పిల్లలెవరో ఆడుకున్నట్టుంది. అక్కా, దాని దగ్గరికి పిల్లలను రానియ్యవద్దు.

నల్ల రంగు కింద బంగారు పువ్వులు మాసిపోయినాయి అనుకున్నాను. తుడిస్తే తేలినాయి. నువ్వు కొన్ననాడు ఎట్లుండెనో అట్ల ఉంది. చూడు.

ఇంత బాగా నేను ఏ మిషనూ చెయ్యలేదు.

ఆదెప్ప


ఆదోని
భాద్రపదం, బుధవారం

ఆదెప్పా,

మిషను చేరింది.

బల్ల మీద బిగించి, తోలు బెల్టు తగిలించినాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి కూర్చునింది. చక్రం మీద చెయ్యి వేసి ఒక చుట్టు తిప్పింది. ఆగింది. మళ్ళీ తిప్పింది. బొటనవేలితో దాని అంచంతా తడిమింది. తర్వాత సూది పక్కన పలక మీద గోరు పెట్టి అటూ ఇటూ పాకించింది. బిగువు మర పట్టుకుంది, వదిలింది.

"ఇది ఎవురిది?" అనింది.

"నీదే. ఆదెప్ప కొత్తదాని మాదిరి చేసి పంపినాడు."

"నాది కాదు. నాది యాడ?"

నీకు దాచిన మాట ఇప్పుడు చెప్తాను. మీ అక్కకు కళ్ళు కనపడవు. నిరుటి నుంచి బొత్తిగా లేదు. నీటికాసులు అన్నారు. కర్నూలులో చూపిస్తే నరం ఎండిపోయింది, ఇక చేసేదేమీ లేదన్నారు. ఇంటికి సున్నమూ లేదు, మంత్రాలయమూ లేదు. నాడె ఆమె చేతి నుంచి జారి పడింది. నేల మీద తడుముతూ ఉంటే నేను ఏందని పరిగెత్తుకొచ్చి దాని మీదే కాలు వేసినాను. విరగ్గొట్టింది నేను.

కళ్ళు లేకుండా కుట్టేది ఎట్ల అని నువ్వు అడగవచ్చు. కుట్టింది. నేను కళ్ళారా చూసినాను. లంగాలు, దిండు గలీబులు, సంచులు. చేతి అలవాటు అనుకున్నాను. అలవాటు ఒకటే కాదంట. నిన్న రాత్రి చెప్పింది. చూపు మసకబారుతున్నప్పుడే, నాకు కూడా తెలియకుండా, మిషనుకు గుర్తులు పెట్టుకుంది. లక్క బొట్టు బొటనవేలి కిందికి వస్తే సూది పైన ఉన్నట్టు. నూలు ముడి తగిలితే బిగువు సరిపోయినట్టు. గాట్లు బట్ట అంచు ఎక్కడ ఆనించాలో చెప్పేవి, ఒకటి లంగాకు, ఒకటి గలీబుకు, ఒకటి సంచికి. తన చేత్తో, ఆ కాస్త చూపుతో, మేకు పెట్టి గీసుకున్నవి.

నీకు చెప్పొద్దని నా మీద ఒట్టు పెట్టించుకుంది. "సెప్తే వాడూ కూసోమంటాడు. మిషను బాగు సెయ్యడు, ఊరికే ఏడుస్తాడు" అనింది. నేనూ ఒప్పుకున్నాను. ఆ గుర్తుల సంగతి నాకు తెలిసి ఉంటే ఒట్టు గట్టున పెట్టి నీకు రాసి ఉందును.

మళ్ళీ గోడ దగ్గరికి పోయింది. మిషను మీద దుప్పటి కప్పినాను.

ధనుంజయ


ఎమ్మిగనూరు

బావా,

జాబు చేరింది. అంగడి తెరవలేదు.

రెండుసార్లు ముట్టొద్దని చెప్పింది. నేను వినలేదు.

అక్కకు మొహం ఎట్ల చూపించేది అని రాసి కొట్టేసినాను. కొట్టేసింది కనపడుతుంది, ఏమనుకోవద్దు.

ఆ గాట్లు ఏది ఎక్కడ ఉండెనో, ఏది ఎంత లోతో నా చేతికి తెలుసు. రుద్దినవాణ్ణి కాబట్టి. లక్క ఎక్కడ ఉండెనో కూడా తెలుసు. ఒప్పుకుంటే అట్లనే మళ్ళీ పెడతాను. వెంట్రుక వాసి తేడా రానియ్యను.

ఒప్పుకోకపోతే కూడా రాయి.

ఆదెప్ప


ఆదోని
మహాలయ అమావాస్య ముందర

ఆదెప్పా,

నీ జాబు చదివినాను. కొట్టేసింది కూడా చదివినాను. ఆమె గోడ దగ్గర నుంచే వినింది.  నేను కాగితం మడిచి పెట్టి బయటికి పోబోతుంటే అడిగింది.

"అంత లోతు గాట్లు పూర్తిగా పోగొట్టినాడా?"

"పోగొట్టినాడు. జాడ లేదు."

"మేకుతో నెల దినాలు గీసినాను అవి." తర్వాత, "పనోడే. నా తమ్ముడు పనోడే" అనింది.

కోపమో మెచ్చుకోలో నాకు తెలియలేదు. లేచి వచ్చి దుప్పటి తీసి, పలక మీద వేలు పెట్టి కూర్చునింది. అప్పుడు చెప్పింది. ఇది ఆమె మాట:

"పాతవి పెట్టొద్దను. అవి కొంచెం సూపు ఉన్నప్పుడు పెట్టుకున్నవి. సగం కంటితో, సగం సేత్తో కుట్టినాను. ఇప్పుడు సెయ్యి ఒక్కటే ఉండాది. అవి ఇప్పటికి సరిగా పనికిరావు, నాకే తెలుస్తాండె. వాణ్ణి రమ్మను. నేను యాడ సెప్తే ఆడ పెట్టాల. ఆకురాయి తెచ్చుకోమను. ఏడిస్తే మాత్రం వచ్చిన ఆటోలోనే పంపిస్తానను."

రా అప్పా. ఈసారి సున్నమూ లేదు, ఏమీ లేదు.

ధనుంజయ


ఆదోని
కార్తీకం

తమ్ముడు ఆదెప్పకు అక్క ఉచ్చీరమ్మ చెప్పగా, నీ బావ రాస్తున్నాడు. నేను చెప్పింది రాస్తున్నాడో తనది కలుపుతున్నాడో నాకు తెలియదు, నువ్వే కనిపెట్టుకో. (కలపడం లేదు. ధ.)

నువ్వు వచ్చిన పూట గడపలో నిలబడి లోపలికి రాలేదు. నీ ఊపిరి వినపడింది. చిన్నప్పుడు తప్పు చేసి వచ్చినా అట్లనే నిలబడేవాడివి. ఇంట్లో ఉన్న దినాలు నువ్వు ఎన్ని మాటలు మాట్లాడినావో నీ బావ ఒక్క తుమ్ములో అన్ని చెప్తాడు. నాకు అదే బాగుండింది. వచ్చినవాళ్ళు అందరూ నా కళ్ళ గురించే మాట్లాడి పోతారు. నువ్వు "ఈడనా? ఇంకొంచెం ఇటా?" అని మాత్రమే అడిగినావు.

నీ నున్నటి పలక మీద మొదటి గాటు పెట్టేటప్పుడు నీ చెయ్యి ఆగింది. నా చెయ్యి నీ చేతి మీదనే ఉండింది, తెలిసింది. గట్టిగా పెట్టరా అన్నాను. పెట్టినావు. అంత బాగా చేసుకున్నదాన్ని నీ చేత్తోనే నువ్వు గీసుకున్నావు. నేను నీకు వేరే ఏమీ చెప్పను.

ఇప్పుడు పని సంగతి. రోజూ కూర్చుంటున్నాను. సూదిలో దారం నీ బావ ఎక్కిస్తాడు, ఎక్కించినంత సేపూ దేశం సంగతులన్నీ చెప్తాడు. కొత్త గాట్లు చేతికి ఇంకా పూర్తిగా పట్టలేదు. ఒక దిండు గలీబు కుట్టినాను. ఎట్లుందని అడిగితే నీ బావ బ్రహ్మాండం అంటాడు. పక్కింటి హుసేనమ్మ వచ్చి, "శానా బాగుందక్కా, కండ్లున్నోళ్ళు కూడా ఇట్ల కుట్టరు" అనింది. ఇద్దరూ ఒకే రకం గొంతుతో చెప్పినారు. పసిపిల్లకు చెప్పే గొంతు. నేను నమ్మలేదు.

జాలిపడి తీసుకునేవాళ్ళకు నేను కుట్టను, ఆదెప్పా. అట్లయితే మల్లేశ్వరి చెప్పినట్టు కూర్చునేదే మేలు. నా పని పనిగా ఉందా లేదా అనేది నాకు తెలియాలి. తెలుసుకునే దారి నాకు లేదు. అందుకని గలీబు వీరేశ్ చేతికి ఇచ్చి పంపుతున్నాను. కళ్ళు లేని అక్క కుట్టింది అని చూడవద్దు. మిషను బాగుచేసి, అది ఎట్ల కుడుతోందో నువ్వు ఎట్ల చూస్తావో, అట్ల చూసి రాయి.

ఉచ్చీరమ్మ


ఎమ్మిగనూరు
కార్తీకం, శుక్రవారం

బావా,

కింద రాసింది అక్కకు. ఒక్క మాట మార్చకుండా చదువు. నీకు ఎట్లున్నా సరే.

అక్కా,

గలీబు చేరింది. పగలు వెలుతురులో పెట్టి చూసినాను.

పొడవు కుట్లు రెండూ తిన్నగా ఉన్నాయి. అడుగు కుట్టు సగం దాకా బాగుంది. మూల దగ్గర వంకర పోయింది. ఆడ బట్ట అంచు కుట్టుకు అందలేదు, రెండుసార్లు ఉతికితే విడిపోతుంది. బిగువు కూడా ఎక్కువైంది, బట్ట ముడుచుకుంటోంది. అర చుట్టు వదులు చెయ్యి. మూల తిప్పేటప్పుడు తొక్కడం ఆపి, చక్రం చేత్తో తిప్పు.

ఇది అమ్మేటట్టు లేదు.

తిరిగి పంపుతున్నాను. విప్పి మళ్ళీ కుట్టు.

ఆదెప్ప